మోగితే ఎత్తని ఫోను

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టి మా అవ్వ తలుపుకు అడ్డంగా కూర్చునేది, సగం తిని ఉరుకుతానని. అలాంటిదాన్ని ఏ ఘడియలో నెట్‌వర్కుల మీద పరిశోధనకు దిగానో, నా బతుకంతా ఎదురుచూపే అయింది. పంపడం, జవాబు కోసం చూడటం, రాకపోతే మళ్లీ పంపడం. నేను చదివే విషయమూ అదే, చేసే పనీ అదే.

తెలియనివాళ్లు అడిగితే ఇలా చెబుతుంటాను. ఇంటర్నెట్‌ను అంతస్తులుగా కట్టారు. అడుగున తీగలూ రేడియో తరంగాలూ ఉంటాయి. వాటిపైన చిరునామా చూసి దారి పట్టించే అంతస్తు. దానిపైన, పంపింది చేరిందా లేదా అని చూసుకునే అంతస్తు. అన్నిటికంటే పైన మన మాటలూ ఫొటోలూ. ఏ అంతస్తు పని దానిది. కిందిది తాను మోసే మూటను విప్పి చూడదు, పైది ఆ మూట ఏ దారిన వచ్చిందో అడగదు. ఒకరి సంగతుల్లో ఒకరు వేలు పెట్టకపోవడం వల్లే ఇంత పెద్ద ఇల్లు నిలబడిందని కరీంనగర్‌లో మా గైడు సార్ నమ్మకం.

నా గొడవంతా ఆ చేరిందా లేదా అని చూసే అంతస్తుతోనే. పంపినదానికి జవాబు రాకపోతే అది దారిలో రద్దీ ఉందనుకుంటుంది. కాసేపు ఆగి మళ్లీ పంపుతుంది. అప్పుడూ రాకపోతే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. అలా ఆగుతూ ఆగుతూ చివరికి మానుకుంటుంది. పట్నంలో ఇది సరే. ఆదిలాబాద్ గుట్టల్లో రద్దీ ఎక్కడిది? గాలికో వానకో సిగ్నల్ పడిపోతుంది, అంతే. ఖాళీ రోడ్డు మీద బండి ఆపుకుని ట్రాఫిక్ జామ్ అని కూర్చున్నట్టుంటుంది దాని వ్యవహారం. అంతస్తుల మధ్య చిన్న కిటికీ పెట్టి, కిందివాళ్లు పైవాళ్లకు అసలు సంగతి చెప్పుకునేలా చేద్దామని నా వాదన.

"ఇయ్యాల నువ్వు కిటికీ పెడ్తవు. రేపు ఇంకోడొచ్చి తలుపు పెడ్తడు. ఎల్లుండికి ఇల్లే కూల్తది," అనేవారు సార్. ఆయన ఇంకో మాట కూడా అనేవారు. "కింద చేరిందంటే పైన తెలిసిందనుకోకు. ఆఖర్న ఉన్న మనిషినే అడుగు." రెండో మాట పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. రాశానే గానీ పట్టించుకోలేదు.

ఒక పత్రికవాళ్లు నా వ్యాసాన్ని తిప్పి పంపారు. అన్నీ ల్యాబులో కొలతలే, నిజంగా సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కొలిచి చూపించమన్నారు. అలాంటి ఊరు నాకు తెలిసింది ఒకటే, ఇచ్చోడ దగ్గర మా అక్క అత్తగారి ఊరు. కొలతలు తీసే పెట్టె, ల్యాప్‌టాప్, రెండు మూడు సిమ్ములు సంచిలో వేసుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. నిర్మల్ దాటి ఘాటు ఎక్కేసరికే ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పక్కన కూర్చున్నావిడ ఫోను ఊపుతూ తిట్టుకుంటుంటే నేను నవ్వుకుంటున్నాను. నన్ను చూసి కాస్త పక్కకు జరిగింది.

పత్తి ఏరే కాలం. ఆ రోజుల్లో అక్కావాళ్ల ఇంట్లో ముందర గది పత్తిదే. మనుషులు ఒదిగి ఒదిగి నడవాలి. అక్క ఫోను దక్షిణం కిటికీ ఊచకు కట్టిన గుడ్డసంచిలో ఉండేది, సిగ్నల్ దొరికే చోటు ఇంట్లో అదొక్కటే మరి. నా పెట్టె కూడా అక్కడే పెట్టాల్సి వచ్చింది.

"నా ఫోను జాగాల నీ డబ్బ తెచ్చి పెట్టినవా? మీ బావ ఫోను రాకపోతె నిన్నే అడుగుత," అంది అక్క.

బావ గల్ఫ్‌లో పనిచేస్తాడు. ఇసుకలో ఎక్కడో దూరాన కట్టే భవనాల దగ్గర. అక్కడ నెట్ ఉండదు. శుక్రవారం పట్నానికి వచ్చినప్పుడు పెద్ద ఫోనులో మొహం చూపించి, చార్జింగ్ అయిపోయేదాకా మాట్లాడతాడు. మిగతా రోజుల్లో చిన్న బటన్ల ఫోను. పని దిగాక దాంతో ఇంటికి చేస్తాడు. రెండుసార్లు మోగుతుంది, కట్ చేస్తాడు. ఇక్కడ ఎవరూ ఎత్తరు. పని అయిపోయింది, బాగున్నాను అని అర్థం.

మా వైపు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇంట్లో ఒకప్పుడు ఇలాంటి ఒప్పందం ఏదో ఒకటి ఉండేది. మెట్‌పల్లిలో మా పక్కింట్లో ఒక్క రింగైతే క్షేమం, మూడైతే పైసలు పంపినట్టు. ఎత్తితే అవతల బిల్లు పడుతుంది కాబట్టి ఎత్తేవాళ్లు కారు. ఇప్పుడు ఆ రోజులు పోయాయి. చాలా ఇళ్లల్లో మానేశారు. అక్కావాళ్ల ఇంట్లో మాత్రం పోలేదు, అక్క అత్తగారి వల్ల. చీకటిపడే వేళ కిటికీలో ఫోను మోగగానే ఆమె చేస్తున్న పని ఆపి, రెండు చేతులు కళ్లకు అద్దుకునేది. "నా కొడుకు అన్నంకు పోతుండు," అనేది. ఆమె ఫోనును ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె పుట్టిల్లు పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో. కోపమొచ్చినా ప్రేమొచ్చినా మరాఠీలోకి దిగేది.

వచ్చిన రోజే నా నోరు ఆగలేదు. "అక్కా, ఫోను మోగుడంటే తలుపు కొట్టుడు. తలుపు తీసినంక గద మాట. మీరు కొట్టుడునే మాట చేసిన్రు," అన్నాను. అడుగు అంతస్తులోనే అర్థమంతా పెట్టేసి పైవన్నీ మూసుకున్నారని నా ఉద్దేశం.

"నీకు పెండ్లి కానియ్యి. అప్పుడు నీకు గూడ మోగుడే మాటయితది," అంది అక్క.

ఆ వారం పని ఎక్కువ ఉంది, శుక్రవారం పట్నానికి రానని బావ ముందే చెప్పి ఉన్నాడు. అందుకని ఎవరికీ ఏ అనుమానమూ లేదు. శుక్రవారం దాటాక ఒక పొద్దున, చాయ్ తాగుతుండగా ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగలేదు. దానంతటదే ఆగేదాకా మోగుతూనే ఉంది. అత్తమ్మ అంతసేపూ కళ్లకు చేతులు అద్దుకునే కూర్చుంది.

"ఇయ్యాల ఏందో పొద్దుగాల్నే యాదికొచ్చిన," అంది అక్క. మొహం వెలిగిపోతోంది.

మధ్యాహ్నం లోపల ఇంకోసారి మోగింది, పొద్దు వాలేముందు మరోసారి. ప్రతిసారీ అంతే పొడుగ్గా. రాత్రి అన్నం వేళకు మాత్రం మోగలేదు. పొద్దంతా చేశాడు కదా, ఇంకేం చేస్తాడు అనుకున్నారు. మర్నాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ మర్నాడు ఒక్కసారే.

ఆ ఒక్కసారి మోగినప్పుడు నేను కిటికీ కింద నేల మీద కూర్చుని నా పెట్టె రాసే వరుసల్ని చూస్తున్నాను. పెట్టెలోని సిమ్ముకు సిగ్నల్ పడిపోయి ఉంది, అక్క ఫోనుది వేరే కంపెనీ. పెట్టె ఒక మాట పంపింది, జవాబు లేదు. ఆగి మళ్లీ పంపింది. ఇంకా ఎక్కువసేపు ఆగి మళ్లీ పంపింది. తలపైన సంచిలో అక్క ఫోను మోగి మోగి ఆగిపోయింది. నేను పెట్టె మీంచి తలెత్తి ఆ సంచిని చూశాను.

బాగున్నానని చెప్పేవాడికి జవాబు అక్కర్లేదు. రెండు మోగాక కట్ చేసి అన్నానికి పోతాడు. జవాబు కావాల్సినవాడే మళ్లీ మళ్లీ చేస్తాడు. మొదట వెంటవెంటనే చేస్తాడు, తర్వాత ఆగి ఆగి చేస్తాడు, తర్వాత మానుకుంటాడు. నేను ఏళ్ల తరబడి ఆ వరుసను కాగితాల మీద గీశాను. అది నా నెత్తిమీదే మోగుతుంటే ఇన్నాళ్లు పట్టింది నాకు. అప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. ముందర గదిలో పత్తి చుట్టూ తిరగడం, కిటికీ దగ్గరికి రావడం, మళ్లీ తిరగడం. నా సిమ్ముతో బావ నంబరుకు చేశాను. బయటి దేశాలకు పోవాలంటే వేరే రీచార్జి కావాలంది. అది ఇచ్చోడకు పోతే గానీ దొరకదు, ఆ పూటకు ఆటోలు అయిపోయాయి.

అక్క చేను నుంచి వచ్చి పత్తి కుప్ప సర్దుతోంది.

"అక్కా, ఫోను మోగితె ఇగ ఎత్తు," అన్నాను.

"ఎందుకే? ఆయనకు బిల్లు వడ్తది. ఒకపారి చెయ్యి తాకి ఎత్తితెనే ఎన్ని మాటలన్నడో."

"బావయితె రెండు మోగంగనే కట్ చేస్తడు గదా. గిది ఆగిందాక మోగుతుంది."

"బటన్ దొరకలేదేమో. చేతులకు సిమెంట్ ఉంటది."

"ఇన్ని దినాలు దొరకదా?"

అక్క చేతిలో పత్తి పడేసి నావైపు తిరిగింది. "నీ చదువు నా ఇంట్ల పెట్టకు. మోగుతుందంటె మంచిగున్నట్టే. మోగకపోతె గద ఫికర్ చెయ్యాలె."

నాకు కోపమొస్తే నోరు ఆగదు. "చేసేది బావేనని నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆ మాట బయటికి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది. అక్క కింద పడిన పత్తిని ఏరి కుప్ప మీద వేసింది. కాసేపటికి, "ఇంట్ల దీపం పెట్టే యాళ్లకు గసోంటి మాటలు మాట్లాడకు," అని లోపలికి వెళ్లిపోయింది. పొద్దున చూస్తే కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాతో మాట్లాడకుండానే కూలీలతో చేనుకు వెళ్లింది.

నేను ఇచ్చోడకు బయలుదేరాను. ఆటో వచ్చి ఆగింది. గడపలో కూర్చుని చెప్పులు వేసుకుంటుండగా కిటికీలో ఫోను మోగింది. ఒక చెప్పుతోనే పరుగెత్తాను. రెండు మోగేదాకా ఆగాను, ఎందుకో ఆ మాత్రం మర్యాద మిగిలింది. ఆగలేదు. మూడోది మొదలైంది.

"ఎత్తకు పోరీ! వాడు కోపానికొస్తడు!" అని అత్తమ్మ వెనక నుంచి అరిచింది.

ఎత్తాను.

"హలో? భాభీజీ? భాభీజీ హై క్యా?" అని అక్క కోసం అడుగుతూ కొత్త గొంతు. తర్వాత ఏడుపు లాంటిదేదో, అది సర్దుకుని గబగబా హిందీ. అతను బావ ఉండే గదిలోనే ఉంటాడట. ఆ వారం రాత్రిపూట కూడా పని పెట్టారు, అలా ఒక రాత్రి బావ పరంజా మీంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఊపిరి ఉంది గానీ కళ్లు తెరవడం లేదు. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. కంపెనీవాళ్లు, బావ పనిలో చేరినప్పుడు ఇచ్చిన పాత నంబరుకు చేసి, కలవడం లేదని ఊరుకున్నారు. బావ చిన్న ఫోను ఇతని దగ్గర ఉంది. అందులో రోజూ చేసే నంబరు ఒక్కటే కనిపించింది. ఇంటివాళ్ల గొంతు చెవిలో పడితే మంచిదని డాక్టరు చెప్పాడట. మనుషుల్ని లోపలికి వదిలే వేళ చూసుకుని వెళ్లి, ఫోను బావ చెవి దగ్గర పెట్టి, మా నంబరు నొక్కేవాడు.

అంటే ఇక్కడ కిటికీలో మోగినంతసేపూ అక్కడ బావ చెవిలోనూ మోగింది. మేమేమో ఇక్కడ చాయ్ తాగుతూ, కళ్లకు చేతులు అద్దుకుంటూ కూర్చున్నాం.

రేపటి నుంచి తన పని ఇంకోచోట, మళ్లీ రాలేనన్నాడు. ఫోను ఇప్పుడు చెవి దగ్గరే ఉంది, తొందరగా భాభీకి ఇమ్మన్నాడు. భాభీ ఊరి చివర చేనులో ఉంది. నేను చుట్టూ చూశాను. ఇంట్లో ఉన్నది అత్తమ్మే.

"అత్తమ్మా, బావకు తలకు దెబ్బ తాకింది. మాట్లాడుతలేడు, గని ఇంటుండు. మాట్లాడు," అని ఫోను ఆమె చెవికి ఆనించాను. ఆమె నా మొహంలోకి చూసింది. అర్థమైందో లేదో నాకు తెలియలేదు. అవతల అతను "బోలియే, మాజీ, బోలియే" అని మాట్లాడమని బతిమాలుతున్నాడు.

"ఊఠ్ రే బాళా," అంది చివరికి, పసిపిల్లవాణ్ని లేపే గొంతుతో. "ఊఠ్. పొద్దెక్కింది. పత్తి ఏరుడు నడుస్తుంది. నీ పెండ్లాం చేనుకు పోయింది, వస్తది. నువ్వు ఫోను చేసినవు, మేము ఎత్తలే కొడుకా. ఎత్తద్దంటివి గదా. నువ్వే అంటివి గదా."

వేళ అయిపోయిందని అక్కడ ఎవరో అరవడం వినిపించింది. ఫోను ఆగిపోయింది. ఆమె ఆగిన ఫోనుతో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఆటోను చేనువైపు తిప్పించాను. గట్టు దగ్గర దిగి ఉరికాను. అక్క దూరం నుంచే నన్ను చూసి, నడుముకు కట్టిన పత్తి ఒడి విప్పి కింద పెట్టింది. దగ్గరికి వెళ్లేసరికి ఆమె అడిగింది ఒక్కటే మాట.

"ఎత్తినవా?"

"ఎత్తిన," అన్నాను.

ఆ తర్వాత నేను కరీంనగర్ వెళ్లలేదు. ఇచ్చోడలో రీచార్జి చేయించి అదే నంబరుకు చేస్తే, ఈ ఫోను గదిలో ఉండే ఇంకో అతనికి అప్పగించి వెళ్తున్నానని ఆ మొదటి మనిషే చెప్పాడు. ఆ కొత్తతను రోజూ లోపలికి వెళ్లి ఫోను బావ చెవి దగ్గర పెట్టేవాడు. అక్క మాట్లాడేది. ఏం మాట్లాడాలో తెలియక మొదట ఏడ్చేది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. పరంజా ఎక్కేటప్పుడు కాళ్లు చూసుకోవాలని తెలియదా అనేది, కూలీలు ఎట్లా సతాయిస్తున్నారో చెప్పేది, లేచి వచ్చి చేను చూసుకో అనేది. నేను కిటికీ దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కునేదాన్ని. మాట వెళుతోందని తెలుస్తోంది. అందుతోందా అంటే చెప్పేవాళ్లు లేరు. నా చదువులో దీనికి జవాబు లేదని నాకు మొదటిసారి భయమేసింది.

ఆ రోజుల్లోనే అక్క ఫోన్లో రీచార్జి ఆఫర్ల సందేశాల కింద ఇంకోటి దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. భాభీజీ ఫోన్ ఉఠాయియే, ఫోను ఎత్తండి అని. బావ పడిన మర్నాడే వచ్చి ఉంది. ఆ ఆఫర్లను ఎవరూ తెరవరు, దాన్నీ తెరవలేదు. ఫోను చేరింది, సందేశం చేరింది. దారిలో ఒక్కటీ పోలేదు. ఏ అంతస్తునూ నేను తప్పు పట్టలేను, అదే నాకు మరీ మండింది.

సార్ ఫోన్ చేసి కొలతలు ఎంతవరకు వచ్చాయని అడిగారు. జరిగింది చెప్పాను. కిటికీ పెట్టాలన్న నా వాదన గురించో, ఆఖర్న ఉన్న మనిషిని అడగాలన్న తన మాట గురించో ఏదైనా అంటారని చూశాను. "మీ బావకు తెలివొచ్చిందా?" అన్నారు. లేదన్నాను. "వచ్చినంకనే రా. పేపర్ ఎటు పోదు," అని పెట్టేశారు.

బావ కళ్లు తెరిచాడని ఒకరోజు కబురొచ్చింది. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, అన్నం మింగుతున్నాడు. మాట మాత్రం లేదు. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేదు. అక్క ఫోను చెవికి పెట్టుకుని ఆయన ఊపిరి వినేది. "ఇంటున్నవా? ఇంటె జర దగ్గు," అనేది. కొన్నిసార్లు దగ్గేవాడు. కొన్నిసార్లు దగ్గేవాడు కాదు, ఆ రోజంతా అక్క ఎవరితోనూ పలికేది కాదు.

పత్తి అమ్ముడుపోయింది. ముందర గది ఖాళీ అయి, ఇంట్లో ఏ చప్పుడైనా పెద్దగా వినిపించసాగింది. నా పని ఎప్పుడో అయిపోయింది, పెట్టె సంచిలో సర్దేసి ఉంది. అయినా వెళ్లబుద్ధి కాలేదు. ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా కిటికీలో ఫోను మోగింది.

ఇప్పుడు ఫోను మోగితే ఇంట్లో అందరం ఉరుకుతాం. అక్క కూర చేతితోనే పరుగెత్తింది. సంచిలో చెయ్యి పెట్టింది. రెండోసారి మోగింది. ఫోను బయటికి తీసేలోపే ఆగిపోయింది.

అత్తమ్మ పొయ్యి దగ్గర సగం లేచి నిలబడి ఉంది. రెండు చేతులు కళ్లదాకా వెళ్లి అక్కడే ఆగాయి.

"వాడేనే," అంది. "గట్ల వాడు తప్ప ఇంకెవ్వడు కట్ చెయ్యడు."

అక్క ఆ ఫోనువైపే చూస్తూ నిలబడింది. ఒప్పందం ప్రకారం ఇక ఏమీ చేయనక్కర్లేదు. పని అయిపోయింది, బాగున్నాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆ నంబరే నొక్కి స్పీకరు పెట్టింది. అవతల మోగుతోంది. నేను గోడకు ఆనుకుని ఆ మోత వింటున్నాను, ఇంతగా కదలకుండా నేనెప్పుడూ నిలబడలేదు.

ఎత్తారు. ఊపిరి వినిపించింది. తర్వాత ఒక్కొక్క ముక్కా లాగి లాగి తెస్తున్నట్టు బావ గొంతు.

"ఎందుకు... చేసినవే... పైసలు... పోతయి గదా..."

"పోనియ్యి," అంది అక్క. "నువ్వు మాట్లాడు."